తమాయో గారి మైకు రాడ్డు

మా చిన మాణిక్యం మామ ఓర్ బెర్తులో టాలీ గుమాస్తా.
ఇంటికొచ్చేసరికి చెవుల్లో, కనురెప్పల్లో ఎర్రధూళి.
అత్త తువ్వాలు దులిపితే
గుమ్మం దగ్గర చిన్న బైలదిల్లా.

డెబ్భై ఏడులో ఒక జపాను ఓడ వంటవాడు
కిలో జీడిపప్పుకి మారుగా ఒక రికార్డు ఇచ్చాడు.
అట్ట మీద పద్దెనిమిదేళ్ల పిల్ల.
నుదుటి మీద తిన్నగా కత్తిరించిన జుత్తు,
ముందు మైకు,
ఎవరో పిలిచినట్టు పక్కకి చూపు.
పేరు వాడే పలికి చూపించాడట: ఇసొబె తమాయో.
ఇసొ అంటే రాళ్లున్న ఒడ్డు అని
యారాడ కొండ కేసి చెయ్యి చాపాడట.

"ఆ మైకు రాడ్డు చూసేవా గుంటా? అది మన రాయే.
నేను లెక్క రాసి పంపిన రాయే," అన్నాడు మామ.
నమ్మీసేను. నాకప్పుడు పదకొండేళ్లు.

ఆ తర్వాత ఓడలే ఆవిడ్ని కొంచెం కొంచెంగా తెచ్చాయి.
ఒక ఏడు వంకీల జుత్తు.
ఒక ఏడు సినిమా పోస్టరు,
నాలుగు మడతలు, చేపల వాసన, మంచులో ఎర్ర గొడుగు.
నర్సు వేసింది. పోలీసు పెళ్లాం వేసింది.
చచ్చిపోయే పెళ్లాం రెండుసార్లు వేసింది.
ఒక ఏడు ఏమీ రాలేదు.
పెళ్లయిపోయిందన్నాడు వంటవాడు.
తర్వాతి ట్రిప్పులో,
అవలేదన్నాడు.

మాటలు తెలీవు గనక ఆ పాట
నాకు కావలసినట్టు అర్థమయ్యేది.
లెక్కల పరీక్ష పోయిన రోజున అది లెక్కల పాట.
తుఫానుకి రేవు మూసేసిన రాత్రి
బయట లంగరేసిన ఓడల పాట.

పదిహేడేళ్లకి నేనూ మైకు పట్టుకున్నాను,
అల్లిపురం వినాయకుడి పందిట్లో,
ఆర్కెస్ట్రా ఆడగొంతుకి జ్వరమొస్తే.
మూడు పాటలయ్యాయి. నాలుగోది గుర్తు రాలేదు,
తమాయో వచ్చేసింది.
తబలా కృపానందం ఒక చరణం నోరు తెరుచుకుని విని
రెండోదాన్ని కెహర్వాలోకి ఈడ్చుకొచ్చాడు.
"ఇది కన్నడమా?" అని ఒక ముసలాయన లేచాడు.
అక్కడినుంచి పోస్టర్లలో నా పేరు
జపాను సన్యాసమ్మ.

పన్నెండేళ్లు. గాజువాక, గోపాలపట్నం, భీమిలి,
ఉక్కునగరంలో ఒకసారి బోనసు ఇచ్చిన రాత్రి.
తెల్లారి వ్యానులో తిరిగొస్తుంటే
మోకాళ్ల మధ్య హార్మోనియం,
కిటికీ అవతల సముద్రం, ఇంకా నిద్ర లేవకుండా.

తర్వాత ట్రాకులొచ్చాయి.
డబ్బాలో వాయిద్యాలన్నీ ఉంటాయి, గొంతొక్కటే ఉండదు.
ఆ యంత్రమూ వాళ్లదేనట.
"రాయి పట్టుకెళ్లి ఇదా పంపేది?" అని
మామ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.
కృపానందం ఆటో కొన్నాడు.
నేను ఆర్టీసీ కాంప్లెక్సులో కుదిరాను:
పార్వతీపురం వెళ్లవలసిన బస్సు
ఏడవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది.
అదీ మైకే.

వంటవాడు ఏ ఓడలో ఆగిపోయాడో.
మామ పోయాడు. రికార్డు గీతల్లో ఎర్రధూళి
నేను తుడవలేదు.

పోయిన డిసెంబర్లో సిరిపురం హాల్లో
జపాను సినిమాలు వేశారు, టిక్కెట్టు లేదు.
రెండో రోజు, మూడో సినిమా.
చలి. చేపల రేవు.
ఒక ముసలామె తడిక మీద ఎండుచేపలు తిరగేస్తోంది.
కథకి ఆవిడతో పని లేదు.
హీరో దారి అడిగాడు, చూపించింది,
మళ్లీ పక్కకి చూసింది
ఎవరో పిలిచినట్టు.

నా చేతిసంచి కింద పడింది.

హీరో వెళ్లిపోయాక
కెమెరా ఎందుకో అక్కడే ఉండిపోయింది.
ఆవిడ చేపలు తిరగేస్తూ కూనిరాగం తీసింది.
తెర కింద అక్షరాలేమీ పడలేదు,
మాటలు లేవు గదా.

రెండో వరస నేనందుకున్నాను.
ముందు కుర్చీల కుర్రాళ్లు వెనక్కి తిరిగారు.
ఈ వయసుకి తగ్గట్టు
శ్రుతి ఒక మెట్టు దింపి పాడుతోంది తమాయో.
నేనూ దింపాను.